ఫోర్స్ ఇండియా: ఒక పందెపు కార్ల జట్టు ఉత్థాన పతనాలు

మన సంఘం ప్రత్యేక సంచికలో కార్ల పందేల మీద వ్యాసమేమిటని మిత్రులు కొందరు ఆశ్చర్యపోవచ్చు. కరువు భత్యం బకాయిలూ, పెన్షను సవరణా, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటూ వదిలిపెట్టి ఈ వయస్సులో మనకీ రేసుల గోల దేనికని అడిగినా తప్పులేదు. అయితే ఈ కథలో కార్ల కంటే జీతాల సంగతే ఎక్కువ. ఇంగ్లండులో ఒక కార్ఖానా, అందులో 405 మంది ఉద్యోగులు, బోర్డు మీద మన దేశం పేరు, కారు మీద మన జెండా రంగులు. పదేళ్ళలో ఆ జట్టు అట్టడుగు నుంచి ప్రపంచంలో నాలుగో స్థానానికి ఎగబాకింది. ఆ ఎత్తులో ఉండగానే దాని ఖజానా ఖాళీ అయింది.

ఆ జట్టు యజమానికే మన దేశంలో ఒక విమాన సంస్థ ఉండేది. అది మూతపడే ముందు అక్కడి ఉద్యోగులకు నెలల తరబడి జీతాలు రాలేదు. ఇంగ్లండులోని కార్ఖానా మునగబోయినప్పుడు మాత్రం ఉద్యోగాలన్నీ నిలిచాయి. ఒకే యజమాని, రెండు సంస్థలు, రెండు రకాల ముగింపులు. నెలజీతం మీద సంసారం ఈదినవారు తెలుసుకోదగ్గ తేడా ఇందులో ఉంది.

స్వతంత్ర జట్టు అంటే

హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరి 11న జరిగిన కార్ల పందెం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది కరెంటుతో నడిచే కార్ల పందెం. దానిని ఫార్ములా ఇ అంటారు. మన కథ దానికి పెద్దన్న అయిన ఫార్ములా వన్‌ది. ఇది 1950 నుంచి ఏటా జరుగుతున్న ప్రపంచ పోటీ. ఏడాదికి ఇరవైకి అటూ ఇటూగా పందేలు, వేర్వేరు దేశాల్లో. ప్రతి జట్టుకూ రెండేసి కార్లు. ఏ కారు ఎన్నో స్థానంలో వచ్చిందో దానిని బట్టి పాయింట్లు. సంవత్సరాంతంలో డ్రైవర్లకు ఒక ఛాంపియన్‌షిప్, జట్లకు ఒక ఛాంపియన్‌షిప్.

ఇందులో ఫెరారీ, మెర్సిడెస్, రెనో వంటివి రోడ్ల మీద తిరిగే కార్లు తయారుచేసి అమ్మే పెద్ద కంపెనీలు. వాటికి పందెం ఒక ప్రచారం. కార్ల అమ్మకం మీద వచ్చే డబ్బు వెనక ఉంటుంది. స్వతంత్ర జట్టుకు ఆ వెసులుబాటు లేదు. కారు చట్రాన్ని తానే తయారుచేసుకోవాలి, ఇంజనును మాత్రం ఏదో ఒక పెద్ద కంపెనీ దగ్గర డబ్బు కట్టి తెచ్చుకోవాలి. మన వైపు కౌలు రైతు పరిస్థితి ఇంచుమించు ఇదే. అరకా చాకిరీ తనవి, పొలం ఇంకొకరిది. పంట పండినా పండకపోయినా కౌలు మాత్రం కట్టి తీరాలి.

స్వతంత్ర జట్టుకు రాబడి మార్గాలు మూడు. కారు మీద పేరు రాయించుకునే కంపెనీలు ఇచ్చే ప్రకటనల డబ్బు ఒకటి. పోటీ నిర్వాహకులు జట్టు స్థానాన్ని బట్టి పంచే వాటా రెండోది. యజమాని జేబు మూడోది. మొదటి రెండూ చాలనప్పుడు మూడోది ఆదుకోవాలి. ఆ జేబుకు చిల్లు పడినప్పుడు ఏం జరుగుతుందన్నదే ఈ చరిత్ర.

బ్యాంకు గుమాస్తా పెట్టిన జట్టు

ఫోర్స్ ఇండియాకు ఆ పేరు 2008లో వచ్చింది గాని, కార్ఖానా అంతకు ముందుదే. ఇంగ్లండులోని సిల్వర్‌స్టోన్‌లో, పందెపు బాట గేటుకు ఎదురుగా దానిని నిలబెట్టిన వ్యక్తి ఎడ్డీ జోర్డన్. ఈయన ఐర్లండు దేశస్థుడు, 1948లో పుట్టారు. మన పాఠకులకు నచ్చే సంగతి ఏమిటంటే, ఆయన జీవితం మొదలైంది డబ్లిన్‌లో బ్యాంకు గుమాస్తాగా. 1970లో ఐర్లండు బ్యాంకుల్లో పెద్ద సమ్మె జరిగింది. పని లేక జోర్డన్ పొట్టపోసుకోవడానికి జెర్సీ ద్వీపానికి వెళ్ళారు. అక్కడ చిన్న కార్టింగు బండ్ల పందేలు చూసి, ఆ పిచ్చి పట్టించుకుని తిరిగివచ్చారు. మరుసటి సంవత్సరమే ఐర్లండు కార్టింగు విజేత అయ్యారు. తర్వాత తాను నడపడం మాని ఇతరుల చేత నడిపించే జట్టు పెట్టారు. కింది స్థాయి పోటీల్లో గెలిచి, 1991లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టారు.

ఆ మొదటి కారును గీసినది కేవలం ముగ్గురు ఇంజనీర్లు. నాయకుడు గారీ ఆండర్సన్. మిగిలిన ఇద్దరిలో ఒకరైన ఆండ్రూ గ్రీన్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. అప్పుడు మెకానిక్కుగా పానా పట్టిన ఆండీ స్టీవెన్‌సన్ పేరు కూడా. ఫోర్డు ఇంజను తెచ్చుకుని, ఆకుపచ్చ రంగు వేసిన ఆ కారు మొదటి సంవత్సరమే జట్లలో ఐదో స్థానంలో నిలిచింది.

ఆ సంవత్సరం ఆగస్టులో బెల్జియంలోని స్పా అనే చోట పందెం. జట్టు డ్రైవర్లలో ఒకరైన బెర్ట్రాండ్ గాషో లండన్‌లో ఒక టాక్సీ డ్రైవరుతో తగాదా పడి జైలు పాలయ్యారు. ఖాళీ అయిన సీటులో ఒక కొత్త కుర్రవాడిని కూర్చోబెట్టారు. ఎన్నడూ నడపని బాట మీద అతను ఏడో స్థానం సంపాదించాడు. పందెం మొదలైన మొదటి చుట్టులోనే కారు పాడయింది. అయినా లోకం చూడవలసింది చూసింది. ఆ కుర్రవాడు మైఖేల్ షూమాకర్. మరుసటి పందేనికే బెనెటన్ అనే పెద్ద జట్టు అతన్ని తన్నుకుపోయింది. చిన్న జట్టుకు ఇది మొదటి పాఠం. విత్తనం తనది, పంట ఇంకొకరిది.

ఏడేళ్ళ తరువాత, 1998 ఆగస్టు 30న, మళ్ళీ అదే స్పాలో, కుండపోత వానలో జోర్డన్ జట్టు తన మొదటి విజయం సాధించింది. డేమన్ హిల్ మొదటి స్థానం, షూమాకర్ తమ్ముడు రాల్ఫ్ రెండో స్థానం. 1999లో ఫ్రెంట్‌జెన్ రెండు పందేలు గెలిచారు, జట్టు మూడో స్థానానికి వచ్చింది. స్వతంత్ర జట్టుకు అది శిఖరం.

దిగుడు ఆ వెంటనే మొదలైంది. పెద్ద కార్ల కంపెనీలు సొంత జట్లతో దిగి ఖర్చును ఆకాశానికి ఎత్తాయి. సిగరెట్ కంపెనీల ప్రకటనల డబ్బు తగ్గిపోయింది. 2002తో హోండా ఇంజన్లు పోయాయి. ఒక పెద్ద టెలిఫోను కంపెనీ తమకు ప్రకటనల ఒప్పందం నోటిమాటగా ఇచ్చి తప్పిందని జోర్డన్ లండన్ కోర్టులో దావా వేశారు. అది నిలవలేదు. కాగితం లేని మాట కోర్టులో నిలవదని మన ఆఫీసుల్లో అటెండరుకు కూడా తెలుసు. 2003లో బ్రెజిల్‌లో ఫిజికెల్లా ఒక పందెం గెలిచారు. ఆ గెలుపును కూడా మొదట ఇంకొకరికి ఇచ్చి, కొన్ని రోజుల తర్వాత సరిదిద్దారు. అది జోర్డన్ పేరుతో వచ్చిన ఆఖరి విజయం. 2005 జనవరిలో ఆయన జట్టును సుమారు 6 కోట్ల డాలర్లకు మిడ్‌ల్యాండ్ అనే సంస్థకు అమ్మేశారు. ఎడ్డీ జోర్డన్ 2025 మార్చిలో కన్నుమూశారు.

కోయంబత్తూరు నుంచి వచ్చిన దారి

అమ్మకం జరిగిన ఆ 2005లోనే, ఇంకా జోర్డన్ పేరుతోనే నడుస్తున్న ఆ జట్టు కారులో మొట్టమొదటి భారతీయుడు ఫార్ములా వన్ పందెంలో కూర్చున్నారు. ఆయన కోయంబత్తూరుకు చెందిన నరేన్ కార్తికేయన్. అదే సంవత్సరం అమెరికాలో జరిగిన పందెంలో టైర్ల వివాదం వల్ల ఆరు కార్లే పాల్గొన్నాయి. అందులో కార్తికేయన్ నాలుగో స్థానంలో వచ్చి 5 పాయింట్లు తెచ్చారు. పోటీదారులు తక్కువైతేనేమి, లెక్కలో పాయింట్లు పాయింట్లే.

కార్తికేయన్ మన దేశంలో మొదట నేర్చుకున్న కారు ఫార్ములా మారుతి. దానిని రూపొందించినది కోయంబత్తూరు వాసి సుందరం కరివర్ధన్. అందరూ కరి అనేవారు. లక్ష్మీ మిల్స్ స్థాపించిన కుప్పుస్వామి నాయుడు గారి కుటుంబం వారిది. తరాల క్రితం తమిళదేశం వెళ్ళి స్థిరపడినా ఇంట్లో తెలుగే మాట్లాడుకునే నాయుడు కుటుంబాలు కోయంబత్తూరులో ఎన్నో ఉన్నాయి. ఆ నాయుళ్ళ ఇంట పుట్టిన కరి, మిల్లు వారసుడిగా హాయిగా ఉండగలిగీ, పందెపు కార్లు తయారుచేయడం మీద పడ్డారు. మనందరం రోడ్డు మీద చూసిన మారుతి 800 ఇంజనునే తీసి, ఒంటి సీటు పందెపు కారుకు అమర్చారు. దానివల్ల విదేశీ కారు కొనలేని కుర్రవాళ్ళకు కూడా పందెం అందుబాటులోకి వచ్చింది. మద్రాసు దగ్గర షోలవరంలో పాత విమానాల రన్‌వే మీద పందేలు జరిగిన కాలం నుంచి, 1990లో ఇరుంగాట్టుకోట్టైలో సరైన బాట వచ్చేవరకు ఆయన ఈ రంగంలోనే ఉన్నారు. 1995లో విమాన ప్రమాదంలో చనిపోయారు. కోయంబత్తూరు దగ్గరి చెట్టిపాళయంలో పందెపు బాటకు ఆయన పేరే పెట్టారు.

కరి పందేలు పెట్టిన ఆ షోలవరంలోనే 1980లలో స్వయంగా కారు నడిపిన మరో ధనవంతుల బిడ్డ విజయ్ మాల్యా. మద్యం వ్యాపారం తండ్రి నుంచి వచ్చింది. పందేల మోజు మాత్రం ఆయన సొంతం.

త్రివర్ణాల కారు

మిడ్‌ల్యాండ్ వారు ఆ జట్టును 2006లోనే స్పైకర్ అనే డచ్చి కార్ల కంపెనీకి అమ్మారు. వారి దగ్గరా నిలవలేదు. 2007 అక్టోబరులో విజయ్ మాల్యా, డచ్చి వ్యాపారి మిషెల్ మోల్ కలిసి 8 కోట్ల 80 లక్షల యూరోలకు కొన్నారు. మూడేళ్ళలో ముగ్గురు యజమానులు, నాలుగు పేర్లు. పేరు ఫోర్స్ ఇండియా అయింది. కార్లకు వీజేఎం అని పేరు పెట్టారు. విజయ్, మిషెల్ తండ్రి జాన్, మిషెల్ అనే మూడు పేర్ల మొదటి అక్షరాలవి. కారును గీసినవారి పేరు, బిగించినవారి పేరు అందులో లేదు. మన వైపు తిరునాళ్ళలో బండలాగుడు పోటీలప్పుడు మైకులో ఎడ్ల యజమాని పేరే వినిపిస్తుంది. ఉలవలు ఉడకబెట్టి, తెల్లవారుజామున లేచి మేపిన పాలేరు పేరు ఎవరూ చదవరు. లోకరీతి ఎక్కడైనా ఒక్కటే.

మొదటి సంవత్సరం, అంటే 2008లో, సున్నా పాయింట్లు. 2009లో ఫెరారీ ఇంజను మాని మెర్సిడెస్ ఇంజను తెచ్చుకున్నారు. కారుకు తెలుపు, కాషాయం, ఆకుపచ్చ రంగులు వేశారు. ఆ సంవత్సరం ఆగస్టు 30న మళ్ళీ స్పా. ఎవరూ ఊహించని విధంగా ఫిజికెల్లా అందరికంటే ముందు వరుసలో మొదటి స్థానం నుంచి బయలుదేరారు. పందెంలో ఫెరారీ కారు దాటిపోయింది గాని, చివరిదాకా దాని వెన్నంటే ఉండి, ఒక్క సెకను కూడా లేని తేడాతో రెండో స్థానంలో వచ్చారు. జట్టుకు మొదటి పాయింట్లు అవే. మరుసటి పందేనికే ఫెరారీ వారు ఆయన్ను తీసుకుపోయారు. 1991లో షూమాకర్ విషయంలో జరిగిందే మళ్ళీ జరిగింది.

అయినా జట్టు ఆగలేదు. 2010లో ఏడో స్థానం, 2011లో ఆరో స్థానం. మొదటి జోర్డన్ కారును గీసిన ఆండ్రూ గ్రీన్ తిరిగి ఇక్కడికే వచ్చి సాంకేతిక విభాగానికి అధిపతి అయ్యారు. ఆండీ స్టీవెన్‌సన్ అయితే కదలనే లేదు. మెకానిక్కుగా చేరిన మనిషి పందెపు వ్యవహారాలన్నీ చూసే పదవికి ఎదిగారు. యజమానుల చేతులు మారినప్పుడల్లా బోర్డు మారింది, రంగు మారింది, పనిచేసే చేతులు చాలావరకు అవే.

2011 అక్టోబరులో సహారా సంస్థ 10 కోట్ల డాలర్లు పెట్టి 42.5 శాతం వాటా తీసుకుంది. ఆ నెల 30న ఢిల్లీ దగ్గర గ్రేటర్ నోయిడాలో మొదటి ఇండియన్ గ్రాండ్ ప్రి జరిగింది. సొంత గడ్డ మీద ఫోర్స్ ఇండియా కారు తొమ్మిదో స్థానంలో వచ్చింది. పందెం క్రీడా, వినోదమా, దాని మీద వినోదపు పన్ను పడుతుందా అన్న పేచీలు నడుస్తూ ఉండగా 2013 తర్వాత ఆ పందెం ఆగిపోయింది. దేశం పేరు పెట్టుకున్న జట్టు మరొక లోటు కూడా తీర్చలేదు. భారతీయ కుర్రవాళ్ళను వెతకడానికి 2011లో ఎంపిక పోటీ పెట్టి జెహాన్ దారువాలా, అర్జున్ మైనీ, తరుణ్ రెడ్డిలను ఎంచుకున్నారు. కాని పదేళ్ళలో ఏ గ్రాండ్ ప్రి పందెంలోనూ ఆ కారును ఒక్క భారతీయుడు నడపలేదు.

యజమాని ఇంట కష్టాలు

ఇక అసలు సంగతి. మాల్యా 2005లో ప్రారంభించిన కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ అప్పుల్లో కూరుకుపోయి, 2012 అక్టోబరులో విమానాలు నిలిపివేసింది. అప్పటికే ఉద్యోగులకు నెలల తరబడి జీతాలు లేవు. పైలట్లు, ఇంజనీర్లు, గ్రౌండు సిబ్బంది సమ్మెలు చేశారు. ఆ తర్వాత బకాయిల కోసం ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. స్టేట్ బ్యాంకు నాయకత్వంలో 17 బ్యాంకుల బాకీ వడ్డీతో కలిపి 9,000 కోట్ల రూపాయలని లెక్క తేలింది. మన హైదరాబాదులోనూ విమానాశ్రయం చార్జీలకు ఇచ్చిన చెక్కులు చెల్లని కేసులో 2016 ఏప్రిల్‌లో ఎర్రమంజిల్ కోర్టు మాల్యాను దోషిగా తేల్చింది. అంతకు ముందే, 2016 మార్చి 2న, ఆయన ఇంగ్లండు వెళ్ళిపోయారు. అసలు మొత్తం కట్టేస్తానని తాను చెబుతూనే ఉన్నానని ఆయన వాదన. ఆయన ఆస్తుల నుంచి 14,131 కోట్ల రూపాయలు ప్రభుత్వ రంగ బ్యాంకులకు చేరినట్టు 2024 డిసెంబరులో కేంద్ర ఆర్థిక మంత్రి పార్లమెంటుకు తెలిపారు. రెండో భాగస్వామి అయిన సహారా అధినేత సుబ్రతా రాయ్ 2014లో జైలుకు వెళ్ళారు.

ఇద్దరు యజమానుల జేబులూ ఒకేసారి మూసుకుపోయినప్పుడు జట్టు ఏం కావాలి? లెక్క ప్రకారం పడిపోవాలి. విచిత్రంగా అది పైకి లేచింది. 2014లో ఆరో స్థానం, 2015లో ఐదో స్థానం, 2016లోనూ 2017లోనూ నాలుగో స్థానం. వెనకాల మెర్సిడెస్ ఇంజను బలం ఉన్నమాట నిజమే. అదే ఇంజను తెచ్చుకున్న ఇతర స్వతంత్ర జట్లు కూడా ఉన్నాయి. వీరి ప్రత్యేకత పొదుపు. అక్కరలేని భాగం చేయరు, చేసినదాన్ని పారేయరు. తమకంటే ఎన్నో రెట్లు ఖర్చుపెట్టే జట్ల కంటే పాయింటుకు అయ్యే ఖర్చు వీరిది తక్కువ అన్న పేరు వచ్చింది. 2015లో కొత్త కారు సకాలంలో తయారుకాక శీతాకాలపు పరీక్షలకు పాత కారునే తీసుకువెళ్ళారు. ఆ సంవత్సరమే జట్టు చరిత్రలో అప్పటికి మంచి స్థానం సంపాదించారు. సెర్జియో పెరెజ్ అనే మెక్సికో డ్రైవరు పెద్ద జట్ల మధ్యలో దూరి మూడో స్థానాలు తెస్తూ వచ్చారు.

పంపకం న్యాయంగా లేదన్న సంగతి కూడా చెప్పాలి. ఫార్ములా వన్ రాబడిలో కొన్ని పెద్ద జట్లకు స్థానంతో నిమిత్తం లేని ప్రత్యేక వాటాలు ఉండేవి. దీని మీద ఫోర్స్ ఇండియా, సౌబర్ అనే రెండు చిన్న జట్లు 2015లో యూరోపియన్ యూనియన్‌కు ఫిర్యాదు చేశాయి. 2018లో దానిని వెనక్కి తీసుకున్నాయి. ఏ జట్టూ ఇంతకు మించి ఖర్చుపెట్టకూడదన్న పరిమితి 2021లో, 14 కోట్ల 50 లక్షల డాలర్లతో, అమలులోకి వచ్చింది. ఆ నియమం కోసం ఎదురుచూసిన జట్టు అప్పటికి మూడేళ్ళ ముందే పోయింది.

2018 జూలై 27

2016 తర్వాత మాల్యా పాస్‌పోర్టు రద్దు కావడంతో ఆయన తన జట్టును కళ్ళారా చూసింది ఏడాదికి ఒక్కసారి, సిల్వర్‌స్టోన్ పందేనికి మాత్రమే. బాకీలు పేరుకున్నాయి. ఇంజన్లు ఇచ్చిన మెర్సిడెస్‌కు బాకీ, సరుకు ఇచ్చినవారికి బాకీ, డ్రైవరు పెరెజ్‌కు కూడా జీతం బాకీ. ఇంతలో ఒక రుణదాత జట్టును పూర్తిగా మూసివేయించే పిటిషన్ వేశారు. అది నెగ్గితే తలుపులకు తాళం, 405 మంది ఇంటికి.

ఆ సమయంలో ముందుకు వచ్చినవాడు పెరెజ్. తనకు రావలసిన బాకీ ఆధారంగా ఆయనే లండన్ హైకోర్టుకు వెళ్ళారు. మెర్సిడెస్, గులాబి రంగు ప్రకటన ఇచ్చిన బీడబ్ల్యుటీ సంస్థ మద్దతు పలికాయి. ఆయన కోరింది మూసివేత కాదు. ఇంగ్లండు చట్టంలో అడ్మినిస్ట్రేషన్ అనే పద్ధతి ఉంది. దాని ప్రకారం కోర్టు నియమించిన నిర్వాహకులు యజమానిని పక్కన పెట్టి, సంస్థను నడుస్తున్న స్థితిలోనే ఉంచి, కొనేవారిని వెతుకుతారు. అప్పుడు హంగరీలో పందెం జరుగుతున్న వారం. శుక్రవారం రాత్రి లండన్‌లో ఉత్తర్వు వచ్చింది. ఆదివారం హంగరీలో రెండు కార్లూ పందెం పూర్తిచేశాయి. మెకానిక్కులు ఎవరూ పానా కింద పెట్టలేదు.

పదకొండు రోజులకే, ఆగస్టు 7న, కెనడా వ్యాపారి లారెన్స్ స్ట్రోల్ బృందం కొనడానికి ఒప్పుకుంది. ఉద్యోగాలన్నీ నిలబెడతామని, రుణదాతల బాకీలు పూర్తిగా తీరుస్తామని షరతు. మాల్యా ఆస్తుల మీద మన బ్యాంకులు తెచ్చుకున్న కోర్టు ఉత్తర్వుల చిక్కు వల్ల పాత కంపెనీ వాటాలు కొనడం సాధ్యపడలేదు. కార్ఖానా, యంత్రాలు, వ్యాపారం మాత్రమే కొన్నారు. దాంతో చట్టం దృష్టిలో అది కొత్త జట్టు అయింది. అంతవరకు సంపాదించిన 59 పాయింట్లూ పోయాయి.

సున్నా నుంచి మొదలుపెట్టిన చోటు ఏదనుకున్నారు? ఆగస్టు 26న, మళ్ళీ స్పాలోనే. బయలుదేరే వరుసలో వారి కార్లు మూడు, నాలుగు స్థానాల్లో నిలిచాయి. పందెంలో ఐదు, ఆరు స్థానాలు వచ్చాయి. మిగిలిన కొద్ది నెలల్లోనే 52 పాయింట్లు సంపాదించి ఏడో స్థానంలో ముగించారు. ఆ సంవత్సరంతో ఇండియా అనే మాట బోర్డు మీద నుంచి పోయింది. 2019లో రేసింగ్ పాయింట్ అయింది. 2020 డిసెంబరు 6న బహ్రెయిన్‌లోని సఖీర్ పందెంలో పెరెజ్ మొదటి చుట్టులోనే దెబ్బతిని ఆఖరికి పడిపోయి, అక్కడి నుంచి లేచి గెలిచారు. ఆ కార్ఖానాకు పదిహేడేళ్ళ తర్వాత వచ్చిన గెలుపు అది. అప్పటికే ఆయన సీటును వచ్చే ఏటికి ఇంకొకరికి ఇచ్చేశారు. జట్టును కాపాడిన మనిషికి జట్టులో చోటు దొరకలేదు. 2021 నుంచి దాని పేరు ఆస్టన్ మార్టిన్.

ఇందులో మనం తెలుసుకోవలసింది

కింగ్‌ఫిషర్ ఉద్యోగులు పనిలో తీసిపోయినవారు కారు. వారి సంస్థ పతనం వేరు, దీని పతనం వేరు అని కూడా ఒప్పుకోవాలి. అద్దె విమానాలు వెళ్ళిపోతే విమాన సంస్థలో అమ్మడానికి మిగిలేది తక్కువ. పందెపు జట్టులో మాత్రం అసలు ఆస్తి పనివారి నేర్పు. కొనేవాడు దానిని చూసే కొన్నాడు. అయితే ఈ రెంటికీ మించిన తేడా కాలం. సిల్వర్‌స్టోన్‌లో పని నడుస్తూ ఉండగానే జీతం బాకీ ఉన్న మనిషి కోర్టు తలుపు తట్టాడు, పదకొండు రోజుల్లో దారి దొరికింది. ఇక్కడ విమానాలు 2012లో ఆగితే, సంస్థను మూసివేయాలని కర్ణాటక హైకోర్టు ఉత్తర్వు 2016లో వచ్చింది. నాలుగేళ్ళలో విమానాలు పోయాయి, లైసెన్సు పోయింది, మనుషులు చెల్లాచెదురయ్యారు. జబ్బు ముదిరిన తర్వాత వైద్యుడు ఏం చేయగలడు?

ఆ తర్వాత మన దేశంలోనూ 2016లో దివాలా స్మృతి వచ్చింది. దాని ప్రకారం సంస్థ ఆస్తులు అమ్మి పంచేటప్పుడు కార్మికుల 24 నెలల జీతం బాకీ, తాకట్టు మీద అప్పిచ్చిన బ్యాంకులతో సమానమైన వరుసలో ఉంటుంది. కార్మికుల నిర్వచనంలోకి రాని మిగతా ఉద్యోగుల 12 నెలల జీతం ఆ తర్వాతి వరుసలో. ప్రావిడెంటు ఫండు, పెన్షను ఫండు, గ్రాట్యుటీ ఫండులలో ఉన్న సొమ్ము ఆ పంపకంలోకి అసలు రాదు. అది ఉద్యోగులదే. మనం ప్రభుత్వ ఉద్యోగులం కాబట్టి నెల మొదట్లో ట్రెజరీ బిల్లు పాసైతే చాలు అనుకుని బతికాం. మన పిల్లలు, మనుమలు ఇప్పుడు హైదరాబాదు, బెంగుళూరు కంపెనీల్లో ఉన్నారు. వారి యజమాని ఫోటో పత్రికల్లో ఎంత పెద్దగా పడుతోందని చూడడం కంటే, ప్రావిడెంటు ఫండు జమ నెలనెలా పడుతోందా అని చూసుకోమని చెప్పడం మన పని. జీతం రెండో నెల ఆగినప్పుడే పదిమందీ కలిసి కాగితం మీద అడగాలి. ఆరో నెల దాకా ఆగితే అడగడానికి కంపెనీ ఉండకపోవచ్చు.

సిల్వర్‌స్టోన్‌లో ఆ గేటుకు ఎదురుగా పాత కార్ఖానా ఉన్న స్థలంలోనే 2023లో కొత్త భవనాలు లేచాయి. 1991లో పానా పట్టిన ఆండీ స్టీవెన్‌సన్ ఆస్టన్ మార్టిన్ కాలంలోనూ అక్కడే పనిచేశారు. ఆరు పేర్లు చూసిన సర్వీసు అది. సర్వీసు రిజిస్టరు విలువ తెలిసిన మన మిత్రులకు అంతకంటే వేరే చెప్పనక్కరలేదు.